మళ్ళీ పాడిన పాటలు: ఏది నచ్చింది, ఏది చెవులు మూయించింది?

రేడియో పిచ్చి (సీతమ్మధార)
శనివారం, రాత్రి 9:12

ఒకరు పాడి జనంలోకి వెళ్ళిపోయిన పాటని ఇంకొకరు మళ్ళీ పాడితే మీకు ఏది నచ్చింది, ఏది అస్సలు నచ్చలేదు? సినిమా రీమిక్సులు, మన వైజాగ్ బీచ్‌లో కుర్రాళ్ళ గిటార్ పాటలు, కరోకే, టీవీ పోటీలు, కచేరీలు అన్నీ లెక్కలోకే వస్తాయి. షరతు ఒక్కటే. ‘పాతదే బంగారం’ అని ఒక్క ముక్క రాసేసి వెళ్ళిపోకండి. ఎందుకో చెప్పాలి.

ముందు నావి. నచ్చింది ‘బంగారు కోడిపెట్ట’. 1992లో ‘ఘరానా మొగుడు’కి కీరవాణి చేశారు, 2009లో ‘మగధీర’కి మళ్ళీ ఆయనే చేశారు. తన పాటే కాబట్టి ఎక్కడ చెయ్యి పెట్టొచ్చో, ఎక్కడ పెట్టకూడదో ఆయనకి తెలుసు. పల్లవిలోని ఆ ఊపుని కదపలేదు.

నచ్చనిది ‘వాన వాన వెల్లువాయె’. ‘గ్యాంగ్ లీడర్’లో బప్పీ లహరి చేసిన పాటకి 2012లో ‘రచ్చ’ కోసం కొత్త రంగు వేశారు. మణిశర్మ అంటే నాకు చాలా గౌరవం. కానీ పాత పాటలో బాలు, చిత్ర ఒకరి కోసం ఒకరు ఆగే చోట్లు ఉంటాయి. వాన పాటకి ఆ ఆగడమే అందం. కొత్తదానిలో డప్పులు ఆ ఖాళీలన్నీ నింపేశాయి. ఇక వానకి చోటెక్కడిది?

వన్‌టౌన్ కుర్రోడు
శనివారం, రాత్రి 9:31

గురూ, రీమిక్స్ పాటని ఇంట్లో రేడియో పక్కన కూర్చుని వింటే ఎలా? అది వినడానికి చేసింది కాదు. జగదాంబ థియేటర్లో మొదటి రోజు చూడాలి. ‘మగధీర’లో చిరంజీవి తెర మీదకి వచ్చినప్పుడు పాట ఎవరికి వినపడింది? ఆ ఈలల్లో కీరవాణి ఏం వాయించినా ఒకటే. తండ్రి పాటకి కొడుకు, మావయ్య పాటకి మేనల్లుడు స్టెప్పేస్తుంటే చూడ్డానికే ఆ పాటలు పెట్టేది. పాట అక్కడ ఒక గుర్తు మాత్రమే.

అలా చూస్తే నాకు ‘రచ్చ’ వాన పాట కూడా ఓకే. ‘సుప్రీమ్’లో ‘అందం హిందోళం’ కూడా ఓకే. బయటికొచ్చాక మళ్ళీ వినలేదు, అది వేరే సంగతి.

రేడియో పిచ్చి
శనివారం, రాత్రి 9:40

బయటికొచ్చాక మళ్ళీ వినలేదంటున్నావు. నేను చెప్పేదీ అదే కదా.

కీబోర్డు వెనక కూర్చునేవాణ్ణి
శనివారం, రాత్రి 10:25

నేను పాతికేళ్ళుగా ఆర్కెస్ట్రాల్లో వాయిస్తున్నాను. పెళ్ళిళ్ళు, గణపతి పందిళ్ళు, కళాభారతిలో పాత పాటల సాయంత్రాలు. అంటే నేను తినేది ఇతరుల పాటల కూడే. కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

రీమిక్సులో ముందు దెబ్బతినేది గొంతు కాదు, నడక. చక్రవర్తి, మహదేవన్‌ల రోజుల్లో ఢోలకు, తబలా మనిషి చేత్తో వాయించేవాడు. మనిషి వాయిస్తే దరువు కొంచెం ముందుకీ వెనక్కీ ఊగుతుంది. గాయకుడు ఆ ఊపు మీదే మాటని విరుస్తాడు. రీమిక్సులో దరువు కంప్యూటర్‌లో గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. దాని మీద సుశీలమ్మ విరుపులు పాడితే అతకవు. అందుకని కొత్త గాయకులు విరుపులు వదిలేసి తిన్నగా పాడతారు. మనకేమో ‘ఏదో తగ్గింది’ అనిపిస్తుంది. తగ్గింది అదే.

అయినా నాకు నచ్చిన రీమిక్సు ఒకటుంది. ‘ఓలమ్మీ తిక్కరేగిందా’. 1977లో ‘యమగోల’లో బాలు, సుశీల పాడారు, చక్రవర్తి బాణీ. 2007లో ‘యమదొంగ’లో జూనియర్ ఎన్టీఆర్, మమతా మోహన్‌దాస్ పాడారు. ఎన్టీఆర్ అసలు గాయకుడు కాదు కాబట్టి బాలులా పాడే ప్రయత్నమే చెయ్యలేదు. తాతగారి పాటతో మనవడు ఆడుకుంటున్నట్టు పాడాడు. మంచి గాయకుడి చేత పాడించి ఉంటే పోలిక మొదలయ్యేది, పాట అక్కడే ఓడిపోయేది.

నచ్చనివి చెప్పాలంటే మా స్టేజీ మీద నేను వాయించినవే బోలెడు. వాటి సంగతి వద్దు, ఆ గాయకులు ఇక్కడ కూడా ఉంటారు.

సంగీతం టీచర్ (విజయనగరం)
ఆదివారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. నాది విశాఖ కాదు గానీ వారానికి రెండు రోజులు ఎంవీపీ కాలనీలో పిల్లలకి పాఠం చెప్పడానికి వస్తాను, కాబట్టి నాకూ మాట్లాడే హక్కుంది అనుకుంటున్నాను.

మా కర్ణాటక సంగీతంలో ఈ ప్రశ్నే రాదు. త్యాగరాజస్వామి కీర్తన ఎవరు పాడినా అది మళ్ళీ పాడినదే. ఎవరి బాణీ, ఎవరి పాఠం అని అడుగుతాం తప్ప ‘అసలుది ఎవరిది’ అని అడగం. అసలు గొంతు ఎవరూ వినలేదు కదా. దాంతో పోలిక బెంగ లేకుండా పాడటం అలవాటవుతుంది.

రామదాసు ‘పలుకే బంగారమాయెనా’ చూడండి. ఆనందభైరవి. ఈనాడు మన చెవుల్లో ఉన్నది చాలావరకు బాలమురళీకృష్ణగారి పాట. తర్వాత ‘శంకరాభరణం’లో అదే రాగంలో బాలు, వాణీ జయరామ్ పాడారు. బాలమురళిగారిది దేవుణ్ణి చనువుగా నిలదీసినట్టు ఉంటుంది. సినిమాలో వాణీ జయరామ్ గొంతులో అదే మాటకి బతిమాలడం ఎక్కువ. రెండూ ఒకే కీర్తన, ఒకే రాగం. నాకు రెండూ కావాలి.

ఇక నచ్చనిది. టీవీ పోటీల్లో పన్నెండేళ్ళ పిల్ల చేత ‘నీలీల పాడెద దేవా’ పాడిస్తారు. ఆ పాట 1962లో వచ్చిన ‘మురిపించే మువ్వలు’లోది, కారుకురిచ్చి అరుణాచలంగారి నాదస్వరంతో జానకమ్మ పోటీపడి పాడినది. నాదస్వరం ఎంత పైకి వెళ్తే అంత పైకి గొంతు వెళ్ళాలి, అదీ చిరునవ్వుతో వెళ్ళినట్టుండాలి. పిల్లలు స్వరాలన్నీ తప్పు లేకుండా అప్పజెప్పేస్తారు. జనం చప్పట్లు కొడతారు. ఆ పిల్ల మెడ నరాలు చూస్తే నాకు మాత్రం భయం వేస్తుంది. దాన్ని సాము అనండి, ఒప్పుకుంటాను.

ఉక్కునగరం బాబాయ్
ఆదివారం, ఉదయం 8:05

టీచర్ గారూ, మీరు పిల్లల గురించి రాశారు, మా సంగతి చూస్తే ఏమంటారో. రిటైరైన వాళ్ళందరం కలిసి కరోకే క్లబ్బు పెట్టుకున్నాం. ఆదివారం సాయంత్రం ఒక్కొక్కళ్ళు రెండు పాటలు. ప్రతీ వారం ఎవడో ఒకడు ‘శివశంకరీ’ ఎత్తుకుంటాడు. 1961లో ‘జగదేకవీరుని కథ’కి పెండ్యాల దర్బారీ కానడ రాగంలో కట్టి ఘంటసాల గారి గొంతులో పెట్టిన పాట. రాయి కరగాలి అక్కడ. మా దగ్గర టీ చల్లారుతుంది.

అయినా పాడతాం. ఎందుకంటే ఆ పాట పాడుతున్నంతసేపూ మనకి మన గొంతు వినపడదు, ఘంటసాల గారిదే వినపడుతుంది. వినేవాళ్ళ బాధ వేరు.

బాలకృష్ణ కూడా 2020 జూన్‌లో తన అరవయ్యో పుట్టినరోజుకి ఆ పాట పాడి విడుదల చేశారు. దాని మీద జనం ఎన్ని జోకులు వేశారో. నేను మాత్రం వెయ్యలేదు. ఎందుకో మా క్లబ్బు వాళ్ళకి తెలుసు.

వన్‌టౌన్ కుర్రోడు
ఆదివారం, ఉదయం 8:20

బాబాయ్ గారూ, ఈ ఆదివారం ఎక్కడ పాడుతున్నారో చెప్తే ఆ వీధిలోకి రాకుండా చూసుకుంటాను 😄

గాజువాక గిటార్
ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఇక్కడ అందరూ పాత పాటలే మాట్లాడుతున్నారు, మా బ్యాచ్ తరఫున నేనొస్తాను. మేం నలుగురం శని, ఆదివారాలు ఆర్‌కే బీచ్‌లో సాయంత్రం పాడతాం. గిటార్, కహోన్ (చేత్తో దరువేసే చెక్క పెట్టె), ఒక చిన్న యాంప్. పోలీసులు వచ్చి జరగమంటే జరుగుతాం.

పరదేశపు పాటల్లో నాకు పాఠం నేర్పినవి రెండు. బాబ్ డిలాన్ 1967లో ‘ఆల్ అలాంగ్ ది వాచ్‌టవర్’ పాడాడు. గిటార్, మౌతార్గాన్, వెనక బేస్, డ్రమ్స్, అంతే, సాదాగా. మరుసటి ఏడాది జిమీ హెండ్రిక్స్ అదే పాటని ఎలక్ట్రిక్ గిటార్ మీద తుపానులా వాయించాడు. ఆ తర్వాత డిలాన్ స్వయంగా స్టేజీ మీద హెండ్రిక్స్ పద్ధతిలోనే పాడటం మొదలుపెట్టాడు. రాసినవాడే పాడినవాడి దారిలోకి వచ్చాడన్నమాట.

రెండోది ‘హర్ట్’. నైన్ ఇంచ్ నెయిల్స్ అనే బ్యాండ్ 1994లో చేసింది, ఒక కుర్రాడి బాధ. 2002లో జానీ క్యాష్ పాడాడు. అప్పటికి ఆయన ముసలివాడు, జబ్బుతో ఉన్నాడు, మరుసటి ఏడాదే పోయాడు. మాటలు దాదాపు అవే. కానీ ఆ వయసులో ఆ మాటలకి అర్థమే వేరు. పాటలో ఏమీ కలపకుండా, పాడే మనిషి మారితేనే పాట మారిపోతుందని నాకు అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు నచ్చనివి. సారీ, కొంచెం కోపంగా రాస్తాను. ‘అన్‌ప్లగ్డ్’ అని యూట్యూబులో వచ్చేవి. ఏ పాటైనా సరే సగం వేగానికి తగ్గించెయ్యడం, చెవిలో రహస్యం చెప్పినట్టు గాలితో పాడటం, వెనక పియానో నాలుగు మెట్లు. ‘ఇంకేం ఇంకేం ఇంకేం కావాలే’కి ఇలాంటివి ఎన్ని వచ్చాయో లెక్కే లేదు. అసలు పాటే నెమ్మదిగా ఉంటుంది, దాన్ని ఇంకా నెమ్మది చేస్తే ఏం మిగులుతుంది? నీళ్ళు పోసిన మజ్జిగలో మళ్ళీ నీళ్ళు పోసినట్టు. పైగా సిద్ శ్రీరామ్ పలికే పద్ధతిని కూడా కాపీ కొడతారు. అతని పలుకుబడి అతనిది. నీది గాజువాక రా బాబూ, నీ పలుకు నువ్వు పలుకు.

మేం మాత్రం ‘ఉప్పెన’లో ‘నీ కన్ను నీలి సముద్రం’ పాడినప్పుడు దరువు మార్చలేదు, కహోన్‌తోనే లాగించాం. ముందు సముద్రం ఉండగా ఆ పాట ఎలా పాడినా జనానికి నచ్చుతుంది, అందులో మా గొప్పేం లేదు.

రేడియో పిచ్చి
ఆదివారం, మధ్యాహ్నం 1:50

గిటార్ తమ్ముడూ, జానీ క్యాష్ ముక్క బాగా చెప్పావు. మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది ఒకటి నాకు తోచింది. ‘మంచి మనసులు’లో ‘జాబిల్లి కోసం ఆకాశమల్లే’. 1986, ఇళయరాజా. ఒకే సినిమాలో బాలు పాడినది ఒకటి, జానకమ్మ పాడినది ఒకటి. బాణీ ఒకటే, మాటల్లో కొద్ది తేడా. మళ్ళీ పాడిన పాట అని దాన్ని అనొచ్చో లేదో తెలీదు గానీ, ఒకే బాణీ మనిషిని బట్టి ఎలా మారుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

లాసన్స్ బే అత్తగారు
ఆదివారం, మధ్యాహ్నం 3:30

‘జాబిల్లి కోసం’ మాట ఎత్తారు కాబట్టి నేను ఊరుకోలేను. జానకి పాడినదే పాట. బాలు పాడినదాంట్లో అందమైన గొంతు ముందు నిలబడి ఉంటుంది. జానకి పాడినదాంట్లో గొంతు పక్కకి తప్పుకుని, ఎదురుచూడటం ఒక్కటే మిగిలి ఉంటుంది. మా ఇంట్లో ఈ గొడవ పెళ్ళైన కొత్తల్లో మొదలైంది, ఇంకా తెగలేదు. మావారు బాలు పక్షం.

రీమిక్సుల్లో నాకు నచ్చింది ‘శుభలేఖ రాసుకున్న’. ‘కొండవీటి దొంగ’ది, తర్వాత ‘నాయక్’లో పెట్టారు. హరిహరన్, శ్రేయా ఘోషల్ పాడారు. ఆ ఇద్దరి గొంతుల వల్లే కాస్త నిలబడింది. ఇళయరాజా గారి వయొలిన్లు లేని లోటు లోటే.

నచ్చనిది కూడా ‘కొండవీటి దొంగ’దే. ‘చమకు చమకు’ని ‘ఇంటిలిజెంట్’లో ఏం చేశారో వినండి. వద్దు, వినకండి.

వన్‌టౌన్ కుర్రోడు
ఆదివారం, మధ్యాహ్నం 3:42

అత్తగారూ, అది మా హీరో సినిమా. పాట బాగాలేదంటే మీ చెవులు చూపించుకోవాలి.

[తొలగించిన వ్యాఖ్య]

[తొలగించిన వ్యాఖ్య]

నిర్వాహకుడు
ఆదివారం, సాయంత్రం 4:20

హీరోల గొడవ ఇక్కడ వద్దు. రెండు వ్యాఖ్యలు తీసేశాను, మూడోది వస్తే చర్చ మూసేస్తాను. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మాట చూసుకోండి. వన్‌టౌన్ బాబూ, ఇది నీకే.

వన్‌టౌన్ కుర్రోడు
ఆదివారం, సాయంత్రం 4:31

సారీ అత్తగారూ. సరదాకి అన్నాను.

లాసన్స్ బే అత్తగారు
ఆదివారం, సాయంత్రం 4:40

ఫర్వాలేదు నాయనా. నా చెవులు బానే ఉన్నాయి, అందుకే ఇబ్బంది.

ద్వారకా నగర్ ప్లీడరు
ఆదివారం, రాత్రి 7:55

నేను పాటగాణ్ణి కాదు. కానీ గాజువాక గిటార్‌లాంటి పిల్లలు యూట్యూబులో పెట్టి, తర్వాత ‘కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది, ఏం చెయ్యాలి’ అని మా దగ్గరకి వస్తుంటారు. కాబట్టి రెండు ముక్కలు.

మన కాపీరైట్ చట్టంలో 2012లో 31సి అనే సెక్షన్ చేర్చారు. మళ్ళీ పాడి రికార్డు చెయ్యడానికి దాని ప్రకారం అనుమతి దొరుకుతుంది, కానీ షరతులున్నాయి. పాట మొదటిసారి రికార్డయిన ఏడాది ముగిశాక అయిదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి. అంతకుముందు ఈ గడువు రెండేళ్ళే ఉండేది. హక్కుదారుకి ముందుగా నోటీసు ఇవ్వాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీలకి రాయల్టీ కట్టాలి. ఇది మళ్ళీ పాడినదని కవరు మీద స్పష్టంగా వెయ్యాలి, అసలు గాయకుడి పేరో బొమ్మో వాడుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప పాటలో మార్పులు చెయ్యకూడదు. అంటే ఇక్కడ మీరందరూ ‘మార్చితేనే కళ’ అంటున్నారు, చట్టం ‘మార్చొద్దు’ అంటోంది.

ఇదంతా శబ్దం వరకే. వీడియో తీసి పెడితే వేరే అనుమతులు కావాలి. ఆచరణలో యూట్యూబ్‌లో చాలా ఆడియో కంపెనీలు క్లెయిమ్ వేసి ప్రకటనల డబ్బు తీసుకుని వీడియోని మాత్రం ఉంచేస్తాయి. డబ్బు ఆశ లేకపోతే మీకు నష్టం లేదు.

స్టేజీ మీద పాడటం ఇంకో లెక్క. 2017లో బాలు విదేశాల్లో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు వెళ్ళిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ పాటలు ఎవరి గొంతులో పుట్టాయో ఆ గొంతుకే నోటీసు. జనానికి అది మింగుడుపడలేదు. చట్టం దృష్టిలో మాత్రం పాడినవాడి హక్కు వేరు, కట్టినవాడి హక్కు వేరు.

గాజువాక గిటార్
ఆదివారం, రాత్రి 8:10

ప్లీడరు గారూ, థాంక్స్. అయితే బీచ్‌లో పాడితే?

ద్వారకా నగర్ ప్లీడరు
ఆదివారం, రాత్రి 8:14

ఫీజు ఇచ్చి అడిగితే చెప్తాను 🙂

హక్కుల మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి ఆపేస్తాను. ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ డాలీ పార్టన్ రాసి పాడిన పాట, 1974లో వచ్చింది. ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నాడు. కానీ ఆయన మేనేజరు ప్రచురణ హక్కుల్లో సగం రాసిమ్మన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. 1992లో ‘బాడీగార్డ్’ సినిమాకి విట్నీ హ్యూస్టన్ పాడింది. అమెరికాలో 14 వారాలు మొదటి స్థానంలో ఉంది. రాసినావిడ హక్కు ఆవిడ దగ్గరే ఉండిపోయింది. నా క్లయింట్లందరికీ ఈ కథ చెప్తాను.

సిక్కోలు సిన్నోడు (ఇప్పుడు మధురవాడ)
ఆదివారం, రాత్రి 9:30

ఏటండీ, ఇంతసేపూ మాట్లాడారు, మన ఉత్తరాంధ్ర పాట ఊసే లేదు!

‘నాది నక్కిలీసు గొలుసు’. ‘పలాస 1978’లో రఘు కుంచె పాడారు, 2020లో వచ్చింది. మా ఊళ్ళో ఆ పాట ముందు నుంచీ ఉన్నదే. సినిమాలో విన్నప్పుడు మా అమ్మ ‘ఇది మా పాట కదా’ అంది, మురిసిపోయింది. యాస చెడగొట్టకుండా పాడారు, నాకు నచ్చింది అదే. చాలామంది మన యాసని కామెడీకి వాడతారు. ఇందులో అలా చెయ్యలేదు.

రెండోది ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’. ఇది జానపదం అనుకుంటారు చాలామంది. కాదు. వంగపండు ప్రసాదరావు గారు రాసిన పాట. ఆయన పార్వతీపురం ప్రాంతం మనిషి, మన విశాఖ షిప్‌యార్డులో పనిచేశారు, 2020 ఆగస్టులో పోయారు. ఆయన గజ్జె కట్టి పాడితే ఒకలా ఉండేది, ఊరేగింపులో వందమంది పాడితే ఒకలా, ‘మగధీర’లో ‘జోర్‌సే’ పాటలో ఆ పల్లవి వినిపించినప్పుడు ఇంకోలా. సినిమాలో విన్న కుర్రాళ్ళకి ఆ పాట ఎందుకు పుట్టిందో తెలీదు. ఎల్దమొస్తవ అని పిలిచింది డాన్సుకి కాదు కదా.

అందుకే నాకు నచ్చిన, నచ్చని జాబితా రెండూ ఒకే పాటతో నిండిపోయాయి.

కీబోర్డు వెనక కూర్చునేవాణ్ణి
ఆదివారం, రాత్రి 10:40

సిక్కోలు తమ్ముడు చెప్పింది నిజం. మా ఆర్కెస్ట్రాలో ఆ పాట అడిగితే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ మీద సినిమా దరువే వాయిస్తాం, అదే అందరికీ తెలుసు కాబట్టి. ఒకసారి భీమిలి వైపు ఒక సంబరంలో వాయిస్తుంటే ముందు వరసలో కూర్చున్న ముసలాయన లేచి వచ్చి, ‘దరువు తగ్గించు బాబూ, మాట వినపడాల’ అన్నాడు. ప్యాడ్స్ ఆపి డప్పు ఒక్కటే ఉంచాం. మొత్తం పందిరి పాడింది.

అప్పటి నుంచి మా వాళ్ళకి ఒక నియమం పెట్టాను. పాటలో మాట ముఖ్యమైతే ముందు దరువు తగ్గించడం, తర్వాతే మిగతావి. ‘ఏ తీగ పూవునో’ కూడా అలాగే వాయిస్తాం. ‘మరో చరిత్ర’ తీసింది ఇక్కడే కాబట్టి ఈ పాట ప్రతీ కార్యక్రమంలో ఎవరో ఒకరు అడుగుతారు. ఆడగొంతు ఒక్కటే పాడుతుంది, నేను తీగలా వెనక ఉంటాను.

వన్‌టౌన్ కుర్రోడు
ఆదివారం, రాత్రి 11:05

హిందీ వాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ‘ఊర్వశి ఊర్వశి’ని 2018లో హనీ సింగ్ చేసింది విన్నారా? ‘ముక్కాలా’ని ‘స్ట్రీట్ డాన్సర్’లో? ‘మసక్కలి’ని 2020లో మళ్ళీ చేస్తే రెహమాన్ అసలు పాటే వినమని ట్వీట్ చేశాడు. కట్టినవాడే చెప్పాక మనం చెప్పేదేముంది.

ఈ విషయంలో నేను రేడియో గారి పార్టీ.

సంగీతం టీచర్
సోమవారం, ఉదయం 6:35

రాత్రి చాలా జరిగినట్టుంది. గిటార్ బాబు చెప్పిన హెండ్రిక్స్ పాట విన్నాను. నాకు చప్పుడు ఎక్కువైంది. కానీ రెండోసారి విన్నప్పుడు గమకంలాంటిది వినపడింది, స్వరాన్ని లాగి పక్క స్వరం మీద వదలడం. వీణ మీద మేం చేసే పనే. జానీ క్యాష్‌ది మాత్రం పిల్లలకి కూడా వినిపించాను. మాటలు అర్థం కాకపోయినా ఒక అమ్మాయి ‘ఆ తాతగారికి ఒంట్లో బాలేదా’ అని అడిగింది.

గాజువాక బాబూ, నువ్వు ఒక పని చెయ్యి. ‘పలుకే బంగారమాయెనా’ గిటార్ మీద ప్రయత్నించు. వేగం తగ్గించకు.

గాజువాక గిటార్
సోమవారం, ఉదయం 9:10

మేడమ్, ఆనందభైరవిలో ఆ ఊగే స్వరాలు గిటార్ మెట్ల (ఫ్రెట్ల) మీద రావు. స్లైడ్ పెట్టి చూస్తాను. వస్తే ఆదివారం కాళీమాత గుడి దగ్గర వాయిస్తాం, మీరు వచ్చి తిట్టండి.

ఉక్కునగరం బాబాయ్
సోమవారం, ఉదయం 10:20

కీబోర్డు గారూ, మీతో ఒక పని పడింది. వచ్చే వారం ‘శివశంకరీ’ నా వంతు. యూట్యూబులో దొరికిన ట్రాక్ నాకు బాగా పైన పడుతోంది. శ్రుతి తగ్గించి ఇవ్వగలరా?

కీబోర్డు వెనక కూర్చునేవాణ్ణి
సోమవారం, ఉదయం 10:45

ఇస్తాను బాబాయ్ గారూ. మరీ తగ్గిస్తే ట్రాక్‌లో తబలా బొంగురుపోతుంది, అందుకని నేనే కొత్తగా వాయించి పంపుతాను. మీ శ్రుతి ఎంత?

ఉక్కునగరం బాబాయ్
సోమవారం, ఉదయం 10:52

ఒకటి అనుకుంటున్నాను. మా ఆవిడ మాత్రం నాకు అసలు శ్రుతే లేదంటుంది.

కీబోర్డు వెనక కూర్చునేవాణ్ణి
సోమవారం, ఉదయం 10:58

ఒకటికే చేస్తాను. చివర సరిగమల స్వరకల్పన ఉంచాలా, తీసెయ్యాలా?

ఉక్కునగరం బాబాయ్
సోమవారం, ఉదయం 11:03

ఉంచండి. టీ అప్పుడే ఇస్తారు.